నడుములో నరం నొక్కుకుపోతే

చిరంజీవి ఓబులేసుకు, పెదనాయన ఆశీస్సులు.

బేతంచెర్లలో బండ ఎత్తినప్పట్నుంచి నడుము పట్టేసిందనీ, కుడికాలు పిర్ర నుంచి పాదం దాకా జివ్వుమని లాగుతోందనీ రాశావు. నరం మీద నరం ఎక్కిందంటున్నారట. నరం మీద నరం ఎక్కదు నాయనా. నడుములో ఐదు పూసలు, వాటి మధ్య మెత్తటి దిండ్లలాంటి డిస్కులు. వంగి, నడుము తిప్పుతూ బరువెత్తితే డిస్కు వెనక పొర చిట్లి లోపలి గుజ్జు బయటికి తోసుకొస్తుంది. కాలికి దిగే నరం అక్కడే ఉంటుంది. గుజ్జు దాన్ని నొక్కుతుంది, తగిలినచోట వాపూ తెస్తుంది.

నడుమెంత నొస్తోందని కాదు, కాల్లో ఎక్కడిదాకా దిగిందో చూడు. పిక్క బయటివైపు నుంచి పాదం పైకి, బొటనవేలికి తిమ్మిరి పాకితే ఎల్5 నరం, అంటే నడుము ఐదో పూస దగ్గరిది. మడమల మీద నాలుగడుగులు వెయ్యి, ముందుపాదం లేవకుంటే దాని బలం తగ్గినట్టే. పిక్క వెనక, మడమ, చిటికెనవేలి వైపయితే దాని కింది నరం, ఎస్1. గోడ పట్టుకుని ఒంటికాలితో మునివేళ్ల మీద పదిసార్లు లేచి, రెండో కాలితో పోల్చు. రోజూ చూసి క్యాలెండర్ మీద రాసుకో.

చాలామంది మోసపోయేది ఇక్కడే. నొప్పి తగ్గింది గానీ కాలు మొద్దుబారి, చెప్పు ఊడిపోయినా తెలియడం లేదంటే అది నయం కావడం కాదు, నరం చెడుతోంది. పాదం లేవకుంటే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించు. అదే నొప్పి పిక్క వదిలి తొడకు, తొడ వదిలి నడుముకు వెనక్కి పోతుంటే, నడుము ఇంకాస్త నొచ్చినా మంచిదే.

పడక ఒకటి రెండు రోజులు చాలు. తర్వాత చదునైన చోట పదేసి నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు నడువు. అరగంటకు మించి కూర్చోకు. రాత్రంతా నీళ్లు పీల్చుకుని డిస్కు ఉబ్బి ఉంటుంది కాబట్టి పొద్దున లేచిన గంటసేపు వంగకు. పక్కకు పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకో. ఉప్పుమూట కాపడం పావుగంట పెట్టొచ్చు, మొద్దుబారినచోట మాత్రం వద్దు, కాలినా తెలియదు. ఎదురుకాళ్లతో పుట్టినోళ్లతో తన్నించుకోమంటారు, దగ్గరికి రానీయకు. డైక్లోఫెనాక్ నొప్పి సూదులు వరసగా వేయించుకోకు. ఎండలో, నీళ్లు తాగక పనిచేసే ఒంటికి అది కిడ్నీ దెబ్బ.

ఎక్స్‌రేలో డిస్కూ కనపడదు, నరమూ కనపడదు. ఎమ్మారైలో ఏ నొప్పీ లేనివాళ్లకూ డిస్కు ఉబ్బు కనిపిస్తుంది. రిపోర్టు నీ కాలితో సరిపోలితేనే లెక్క. ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది.

కానీ మూత్రం రాక ఆగిపోయినా, తెలియకుండా పడినా, విరేచనం పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, రెండు కాళ్లూ పట్టు తప్పినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి కర్నూలు పెద్దాసుపత్రికి పో. అప్పుడు గంటలే లెక్క.

తగ్గాక పనిలో దిగేటప్పుడు గుర్తుపెట్టుకో: అంగుళం మందం, రెండడుగుల చదరం బండే పాతిక కిలోలు. ఒళ్లోకి దగ్గరగా పట్టి, మోకాళ్లు వంచి కాళ్ల బలంతో లేచి, నడుము కాదు పాదాలు తిప్పు. అంతకంటే పెద్దదయితే ఇంకొకరిని పిలువు, మేస్త్రీ గొణిగినా సరే.

ఇట్లు,
పెదనాయన