అడవి పులిచింతను గుర్తుపట్టాలంటే

అమ్మాయ్,

అమెరికా తూర్పు వైపున్న అపలేచియన్ కొండల్లో నడకకు వెళ్తున్నానని, అక్కడి అడవి పులిచింతలు చూడాలని ఉందని రాశావు. చాలా సంతోషం. పువ్వు కోసం వెతికే ముందు నువ్వు నిలబడ్డ చోటు ఎలాంటిదో చూసుకో. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఆకు చూసి క్లోవర్ అనే గడ్డి మొక్క అనుకునేవాళ్లు చాలామంది. దానికీ మూడు ఆకులే, కానీ అవి కోలగా ఉంటాయి. పులిచింత ఆకు హృదయాకారంలో, కొసన నొక్కుతో, నడిమి ఈనె దగ్గర మడత పెట్టినట్టు ఉంటుంది. రాత్రి ఆ మడత మీదే ముడుచుకుంటుంది. అందుకే బాగా వెలుతురు వచ్చాక వెళ్లు.

స్ప్రూస్, ఫర్ అనే సూదుల్లాంటి ఆకులున్న చెట్ల కింద, నాచు పరుచుకుని, చల్లగా చెమ్మగా ఉన్న నేల మీద కనిపించేది ఆక్సాలిస్ మోంటానా (ఆక్సాలిస్ అంటే పులిచింతల శాస్త్రీయ నామం). అపలేచియన్లలోని గ్రేట్ స్మోకీ పర్వతాల్లో అయితే బాగా ఎత్తుకు ఎక్కాలి. దీనికి నిలువు కాండం ఉండదు, ఆకులు నేల నుంచే లేస్తాయి. ఒక్కో కాడకు ఒక్కటే పువ్వు. వంగి దగ్గర నుంచి చూడు: ఐదు తెల్లటి రేకులు, వాటి మీద సన్నటి గులాబీ గీతలు, రేకు మొదలు దగ్గర చిన్న పసుపు మచ్చ. నాకు వీటన్నిట్లో ఇదే ఇష్టం. జూన్, జూలైల్లో పూస్తుంది.

ఎండ పడే ఓక్ అడవిలో, కాస్త పొడి నేలలో ఊదా పువ్వు కనిపిస్తే అది ఆక్సాలిస్ వయొలేసియా. ఇది వసంతంలోనే వచ్చేస్తుంది. ఒకే కాడ చివర నాలుగైదు పూలు, లోపల గొంతు ఆకుపచ్చ. ఆకు తిప్పి చూడు, అడుగు తరచుగా ఊదాగా ఉంటుంది. పువ్వు కింది రక్షకపత్రాల కొసల్లో నారింజ చుక్కలు కూడా వెతుకు. తోటల నుంచి పాకి వచ్చిన గులాబీ రంగు జాతులతో కన్ఫ్యూజ్ అవుతావేమో. వయొలేసియా ఆకూ కాడా నున్నగా ఉంటాయి, నూగు ఉండదు.

పసుపు పూలవి చాలా ఉన్నాయి, వాటితో మొదలుపెట్టకు. నీడ అడవిలో పెద్ద ఆకులకు ముదురు ఊదా అంచు ఉంటే మాత్రం ఆగి చూడు, అది ఆక్సాలిస్ గ్రాండిస్.

ఆకు పుల్లగా ఉండేది ఆక్సాలిక్ ఆమ్లం వల్ల. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లకు అది మంచిది కాదు. ఎలాగూ నేషనల్ పార్కుల్లో మొక్కలు కోయకూడదు. పువ్వుతో పాటు ఆకు అడుగు, కాడ మొదలు, చుట్టూ ఉన్న చెట్లు కూడా ఫోటో తీసి పంపు. పువ్వు ఒక్కటే పంపితే నేను కచ్చితంగా చెప్పలేను.

మీ పెద్దనాన్న