మందు పుండును మాన్పింది, మరి లద్దె ఎందుకు జారింది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో గుర్రాలవి ఎక్కువ. చాలావాటి వెనక ఉన్న బాధ ఒకటే: యాంటీబయాటిక్ పడ్డాక కడుపు పాడవడం. అందుకే అన్నీ ఒకేచోట వేస్తున్నాం.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా జట్కా గుర్రం కాలికి ఇనుప రేకు కోసుకుంది. డాక్టరు పెన్సిలిన్ సూదులు రాశారు. పుండు మానుతోంది గానీ నాలుగో రోజు నుంచి లద్దె ఉండ కట్టకుండా ఆవుపేడ మాదిరి పడుతోంది. మందు వేడి చేసిందని, రాగి అంబలి, మజ్జిగ తాపమని మా నాయన అంటున్నాడు. సూదులు ఆపేయాలా?
– జట్కా యజమాని, ఆదోని

జవాబు: వేడి కాదు. గుర్రానికి నెమరు లేదు. ముందున్న పొట్ట చిన్నది, పెద్ద గుర్రంలో కూడా 8 నుంచి 15 లీటర్లే. మేత అరిగే అసలు పని వెనక జరుగుతుంది. సుమారు 30 లీటర్లు పట్టే అంధనాళం అనే సంచిలాంటి పేగు, దాని తర్వాత 80 లీటర్ల దాకా పట్టే పెద్దపేగు (జట్కా గుర్రంలో ఇవి ఇంకా చిన్నవి). దోశపిండి పులిసినట్టు చొప్పలోని పీచు అక్కడ సూక్ష్మజీవుల వల్ల పులుస్తుంది. ఆ పులుపులో పుట్టే ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ ఆమ్లాలు రక్తంలోకి చేరతాయి. చొప్ప, గడ్డి మీద బతికే గుర్రానికి సగానికి పైగా శక్తి వీటి నుంచే.

కాలి పుండులోని క్రిమి ఏదో, పేగులోని మేలు క్రిమి ఏదో యాంటీబయాటిక్‌కు తెలియదు. పీచును అరిగించేవి తగ్గగానే ఆ ఖాళీలో క్లాస్ట్రీడియం, సాల్మొనెల్లా అనే చెడు క్రిముల జాతులు పెరుగుతాయి. వాటి విషం తగిలిన పేగు గోడ నీటిని పీల్చుకోవడం మాని, తానే నీరు వదులుతుంది. నోటి మందుకే ఇలా అవుతుందనుకోవద్దు. సూదిమందు కూడా రక్తం ద్వారా, కొన్నైతే పైత్యరసంతో పేగుకు చేరతాయి. పెన్సిలిన్‌తో ముప్పు తక్కువే, కానీ ముప్పు బొత్తిగా లేని యాంటీబయాటిక్ లేదు. పారుడు ఎక్కువగా మొదటి వారంలోనే కనిపిస్తుంది. కోర్సు అయిపోయాక కొన్ని రోజులకు మొదలైనా ఆశ్చర్యం లేదు.

ఇక సూదుల సంగతి. లద్దె మెత్తబడినా గుర్రం మామూలుగా తింటూ, తాగుతూ ఉంటే అదే రోజు మీ డాక్టరుకు చెప్పండి. కొనసాగించాలా, మార్చాలా అన్నది ఆయన పుండును చూసి తేలుస్తారు. నీళ్లలా పారుతుంటే మాత్రం ఆయనతో మాట్లాడే దాకా తర్వాతి సూది వేయించకండి.

రోజుకు మూడు పూటలా ఇవి చూసి రాసిపెట్టండి. జ్వరం: మలద్వారంలో థర్మామీటరు పెట్టి చూస్తే 99 నుంచి 101.5 ఫారెన్‌హీట్ మామూలు. గుండె: నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి 28 నుంచి 44, అరవై దాటితే అది అత్యవసరం. చిగుళ్లు: వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. పళ్ల మొదట్లో ఊదారంగు గీత కనబడితే విషం రక్తంలోకి వెళ్లినట్టే. లద్దె: రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు వేయాలి. పశువైద్య సాయం నంబరు 1962కు ఫోన్ చేసినా ఈ అంకెలు చెబితే అవతలివాళ్లకు తొందర ఎంతో అర్థమవుతుంది.

నీళ్లు పారే గుర్రానికి రెండు సీసాల సెలైన్ ఎక్కించి పంపేయడం తరచూ చూసే పొరపాటు. లెక్క వేసుకోండి: 250 కిలోల గుర్రం ఎనిమిది శాతం నీరు కోల్పోతే అది 20 లీటర్లు, అంటే అరలీటరు సీసాలు నలభై. అది కూడా పోయినదాన్ని పూడ్చడానికే, ఇంకా పోతున్నదాని లెక్క వేరు. ఇంటి దగ్గర రెండు బకెట్లు పెట్టండి: ఒకదాంట్లో మంచినీళ్లు, రెండోదాంట్లో పది లీటర్లకు సుమారు 60 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లు. ఏది కావాలో అదే తాగుతుంది. ఉప్పునీళ్లు ఒక్కటే పెట్టడం తప్పు. మనుషులకు విరేచనాలు కట్టడానికి వాడే లోపెరమైడ్ మాత్రలు వేయకండి. పేగు కదలిక ఆగితే విషం లోపలే ఉండిపోతుంది.

పారుడు తర్వాత గుర్రాన్ని కుంటిదాన్ని చేసేది గిట్ట లోపలి వాపు. గిట్ట పైన, మడమ వెనక నాడి టకటకా కొడుతున్నా, గుర్రం ముందుకాళ్లు ముందుకు చాచి వెనక్కి వాలినా అది మొదలైనట్టే. నిజానికి అంతదాకా ఆగకూడదు. పారుడు తీవ్రంగా ఉన్నప్పుడే ముందుకాళ్లకు గిట్ట నుంచి మోకాలి కింది దాకా మందపాటి సంచులు కట్టి, ఐసుముక్కలు నింపి, కరిగినప్పుడల్లా మళ్లీ నింపుతూ రెండు మూడు రోజులు రాత్రింబవళ్లు చల్లగా ఉంచాలి. కుళాయి నీళ్లలో నిలబెట్టడం మన ఎండలకు ఏ మూలకూ చాలదు.

పారే గుర్రాన్ని వేరుగా కట్టేయండి. బకెట్, పార, చెప్పులు దానికే వేరుగా. సాల్మొనెల్లా మనుషులకూ, ముఖ్యంగా చిన్నపిల్లలకు అంటుకుంటుంది. చేతులకు శానిటైజర్ రాసుకుంటే క్లాస్ట్రీడియం బీజాలు చావవు. సబ్బుతో రుద్ది కడుక్కోవాలి. లద్దె ఎత్తి, నేల కడిగాకే బ్లీచింగ్ పౌడరు. పేడ మీద చల్లిన బ్లీచింగ్ వృథా.

అంబలి మాత్రం వద్దు. కారణం మూడో జవాబులో ఉంది.

ప్రశ్న: మాది పెళ్లి ఊరేగింపు గుర్రం. బర్రెకు తెచ్చిన యాంటీబయాటిక్ మిగిలింది, దగ్గుకు వేయొచ్చా? ఎంత వేయాలి? కోళ్లఫారం దాణా మిగిలితే గుర్రానికి పెట్టొచ్చా?
– తాడిపత్రి నుంచి ఒక పాఠకుడు

జవాబు: రెండూ వద్దు. లింకోమైసిన్, క్లిండామైసిన్ గుర్రానికి వేయరానివి. పేగును పాడుచేసి ప్రాణం తీస్తాయి. డాక్సీసైక్లిన్‌ను గుర్రానికి నోటి ద్వారా వాడతారు, అదే మందును నరంలోకి ఎక్కిస్తే అక్కడికక్కడే కుప్పకూలవచ్చు. ఇంకొక విచిత్రం: పిల్ల గుర్రానికి ఎరిత్రోమైసిన్ ఇస్తుంటే, దాని లద్దెలో, మూతికి అంటిన మందు కొంచెం నోట్లో పడి తల్లికి పారుడు పట్టుకుంటుంది. పిల్ల బాగానే ఉంటుంది, తల్లి పోతుంది. అందుకే మందు తాపాక పిల్ల మూతి కడగాలి, లద్దె వెంటనే ఎత్తాలి.

కోళ్ల దాణా ఇంకా ప్రమాదం. రక్తపారుడు రాకుండా అందులో మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటివి కలుపుతారు. మోనెన్సిన్ గుర్రానికి శరీర బరువులో కిలోకు రెండు మూడు మిల్లీగ్రాములే ప్రాణాంతకం. కోడిని చంపడానికి కావలసిన దాంట్లో ఇది దాదాపు వందో వంతు మాత్రమే. గుండె కండరం దెబ్బతింటుంది. బతికిన గుర్రం కూడా తర్వాత పరుగులో పడిపోవచ్చు. దాణా కలిపిన తొట్టె, పార కూడా గుర్రం వైపు తేవొద్దు.

మోతాదు డాక్టరు చెప్పాలి, ఆయనకు బరువు మీరు చెప్పాలి. తూకం లేకపోతే కొలటేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించండి. భుజం ముందు మొన నుంచి పిర్ర వెనక మొన దాకా పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగించండి. చుట్టు 145, పొడవు 140 అయితే సుమారు 248 కిలోలు. ఈ బరువుకు సల్ఫా-ట్రైమెథోప్రిమ్ మందు మామూలుగా కిలోకు 30 మిల్లీగ్రాముల చొప్పున పూటకు దాదాపు ఏడున్నర గ్రాములు, రోజుకు రెండు పూటలు. అంటే మనుషుల 960 మిల్లీగ్రాముల మాత్రలు పూటకు ఎనిమిది. రెండు మాత్రలు దంచి వేసేవాళ్లు ఉన్నారు. రోగం తగ్గదు, పేగులోని క్రిములు మాత్రం మందుకు రాటుదేలతాయి.

ప్రశ్న: యాంటీబయాటిక్ వాడినన్నాళ్లు మేత ఏం పెట్టాలి? పెరుగు, ఈస్టు పొడి పనిచేస్తాయా?
– ప్రొద్దుటూరు

జవాబు: మొదటి నియమం, ఆ రోజుల్లో కొత్త మేత ఏదీ మొదలుపెట్టకూడదు. మేత మార్పుకు పది, పద్నాలుగు రోజులు పట్టించాలి. మందు, మార్పు రెండూ ఒకేసారి పడితే పేగు తట్టుకోలేదు. ఎండుమేత బరువులో కనీసం ఒకటిన్నర శాతం, 250 కిలోలకు నాలుగు కిలోలకు తగ్గకుండా, నాలుగైదు విడతలుగా. జొన్నచొప్ప నరికి పెట్టండి. వేరుశనగ కట్టె మట్టి దులిపి, బూజు లేనిదే వేయండి. లేత పచ్చిజొన్న మీదికి తోలవద్దు.

గింజలు తగ్గించాలి. చిన్నపేగులో అరగని పిండిపదార్థం వెనక్కి జారితే అక్కడ ఒక్కసారిగా పులిసి ఆమ్లం పెరుగుతుంది, మందు దెబ్బ తిన్న క్రిములకు అది రెండో దెబ్బ. 250 కిలోల గుర్రానికి పూటకు పిండిపదార్థం 250 గ్రాములు దాటకూడదు. జొన్నలు అరకిలో పెడితేనే ఆ హద్దు దాటినట్టు. రాగి అంబలి కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఉలవ గుగ్గిళ్లు అలవాటున్న గుర్రానికి సగానికి తగ్గించండి, పారుడు ఉంటే పూర్తిగా ఆపండి.

ఒక గరిటె పెరుగు హాని చేయదు, పారుడు మాన్పుతుందని రుజువూ లేదు. ఎదిగిన గుర్రానికి పాల చక్కెర సరిగా అరగదు కాబట్టి లీటర్ల మజ్జిగ వద్దు. ఈస్టుకు కొంత ఆధారం ఉంది, డాక్టరు చెబితే వాడండి. పిల్ల గుర్రాలకు మాత్రం ప్రోబయోటిక్ పొడులు సొంతంగా వేయకండి. కొన్నిటితో పారుడు పెరిగింది కూడా. ఆరోగ్యమైన గుర్రం లద్దె వడకట్టి ట్యూబు ద్వారా పొట్టలోకి పంపే చికిత్స ఉన్నమాట నిజమే. దానికి ముందు ఆ గుర్రానికి సాల్మొనెల్లా లేదని పరీక్షించాలి. ఇంట్లో దాణాలో కలిపే పని కాదది. కోర్సు ముగిసినా పేగు కుదుటపడటానికి వారాలు పడుతుంది, గింజలు మెల్లగా పెంచండి.

ప్రశ్న: యాంటీబయాటిక్ ఏదీ వేయలేదు. అయినా లద్దె వెంట నీళ్లు పడుతున్నాయి.
– పెన్నా ఒడ్డు రైతు

జవాబు: ఇసుక అయ్యుండొచ్చు. ఐదారు లద్దె ఉండలు పారదర్శకమైన సీసాలో నీళ్లతో కలిపి పావుగంట కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక దిగితే మేత నేల మీద వేయడం మానేసి తొట్టెలో పెట్టండి, డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: ఏడాదిన్నర గుర్రానికి దవడ కింద గడ్డలు, ముక్కు కారుతోంది. యాంటీబయాటిక్ వెంటనే మొదలుపెట్టమంటారా?
– కడప

జవాబు: ముందు డాక్టరు చూడాలి. ఈ వయసులో ఎక్కువగా వచ్చేది స్ట్రెప్టోకాకస్ ఈక్వీ అనే క్రిమి వల్ల వచ్చే గొంతుగడ్డలు. గుర్రం తింటూ, ఊపిరి తేలిగ్గా తీస్తుంటే చాలాసార్లు యాంటీబయాటిక్ అక్కరలేదు. వేడి కాపడం పెట్టి గడ్డ పండనిచ్చి, డాక్టరు చేత చీము తీయిస్తే సరిపోతుంది. పండకముందే మందు వేస్తే గడ్డ ఆగి ఆగి మళ్లీ లేస్తుంది, పేగు దెబ్బ అదనం. ఊపిరి కష్టమైతే, మింగలేకపోతే సంగతి వేరు, అప్పుడు మందు తప్పదు. ఏదైనా సరే మిగతా గుర్రాలకు దూరంగా కట్టేయండి.

ముక్కు చీము జిగటగా, ఒకవైపే వస్తూ, లోపల పుండ్లు గానీ చర్మం మీద వరుసగా గడ్డలు గానీ ఉంటే గ్లాండర్స్ అనే అంటురోగాన్ని అనుమానించాలి. ఇది మనుషులకూ వస్తుంది. 2009 నాటి జంతు అంటువ్యాధుల చట్టం ప్రకారం వెంటనే పశువైద్యాధికారికి తెలపాలి. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకండి, ఫలితం వచ్చేదాకా యాంటీబయాటిక్ వేయించకండి, గుర్రాన్ని ఊరు దాటించకండి. రక్తం నమూనా పరీక్ష హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో చేస్తారు.