ఇంటి మీటరు, త్రీ ఫేజ్ లేత్, మధ్యలో ఒక కన్వర్టర్

ప్రశ్న: ఆటోనగర్‌లో ఇరవై ఏళ్లు టర్నర్‌గా పనిచేసి ఈమధ్యే సొంతూరికి వచ్చేశాను. పాత బటాలా లేత్ (ఇనుప రాడ్డును తిప్పుతూ కోసే మిషన్) ఒకటి కొని ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకున్నాను. రాడ్డు తెచ్చి ట్రాక్టర్ పిన్నులు, బుష్‌లు చేసిస్తాను. తమ్ముడు సాయం ఉంటాడు. లేత్‌ది 3 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు, ఇంటి కనెక్షనేమో సింగిల్ ఫేజ్. సిటీలో ఒక డీలర్‌ని అడిగితే ‘ఏ మోటారునైనా లాగుతుంది’ అని 22 వేలకు సింగిల్ ఫేజ్‌ని త్రీ ఫేజ్‌గా మార్చే కన్వర్టర్, అదే డ్రైవ్ (వీఎఫ్‌డీ), ఇచ్చాడు. పెట్టినప్పటి నుంచీ లేత్‌కి బలం లేదు, కోత కాస్త లోతుగా పెడితే ఆగిపోయేది. మూడో నెలలో మోటారు కాలిపోయింది, డ్రైవూ పోయింది. డీలర్ ఫోన్ ఎత్తడం లేదు. ఇది చాలదన్నట్టు కరెంటు ఆఫీసు వాళ్లు తనిఖీకి వచ్చి, విద్యుత్ చట్టం సెక్షన్ 126 (అనధికార వాడకం) కింద ఏడాదికి లెక్కగట్టి నోటీసు ఇచ్చారు. దొంగతనం కేసు కూడా అవుతుందని లైన్‌మన్ అంటున్నాడు. కన్వర్టర్ వాడటం నేరమా? నా డబ్బు వెనక్కి వస్తుందా?
– ఒక పాఠకుడు, కృష్ణా జిల్లా

జవాబు: ముందు నోటీసు సంగతి చూద్దాం. డీలర్ మీద కేసుకు టైముంది, దీనికి లేదు.

కన్వర్టర్ వాడటం దానికదే నేరం కాదు. విద్యుత్ చట్టం, 2003లో దాన్ని పేరు పెట్టి నేరమన్న సెక్షన్ లేదు. మీటరు దాటాక పెట్టిన పరికరం అది. అది లాగిన ప్రతి యూనిట్టూ మీటరులో పడింది, బిల్లూ కట్టారు. ‘కృత్రిమ పద్ధతిలో వాడకం’ అనే మాట సెక్షన్ 126లో ఉంది, కొందరు అధికారులు దాన్ని పట్టుకుని కన్వర్టర్ పేరే నోటీసులో రాస్తారు. అది నిలవదని నా అభిప్రాయం. కానీ ఆ వాదన గెలిచినా మీరు బయటపడరు. ఇంటికని తీసుకున్న కరెంటుతో లేత్ నడిపారు. అదే సెక్షన్‌లో, మంజూరు చేసిన పనికి కాక వేరే పనికి వాడితే అనధికార వాడకమే అని స్పష్టంగా ఉంది. పైగా 3 హెచ్‌పీ అంటేనే 2.2 కిలోవాట్లు దాటుతుంది. మీ ఇంటి లోడ్ ఎంతో బిల్లు మీద చూసుకోండి. మంజూరైన లోడ్ కంటే ఎక్కువ లాగడం కూడా 126 కిందికి వస్తుందని సీతారాం రైస్ మిల్ కేసులో సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

కాబట్టి ‘నేను తప్పే చేయలేదు’ అనే వాదన మీద టైము పెట్టకండి. లెక్క మీద పెట్టండి.

వాడకం ఎప్పుడు మొదలైందో తేలనప్పుడే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్క వేయాలి. తేలితే అంతవరకే. మీ విషయంలో అది తేల్చే కాగితం మీ చేతిలోనే ఉంది: డ్రైవ్ కొన్న బిల్లు. త్రీ ఫేజ్ మోటారు ఆ డ్రైవ్ లేకుండా మీ ఇంట్లో తిరగనే తిరగదు కదా! మిమ్మల్ని ముంచిన వస్తువే ఇక్కడ మీకు సాక్ష్యం. బిల్లు అంటే డీలర్ చిత్తు కాగితం మీద రాసిచ్చాడేమో, ఫర్వాలేదు, ఫోన్‌పే చెల్లింపు తేదీ చాలు. దాంతోపాటు ఆ మూడు నెలల కరెంటు బిల్లులు, అంతకు ముందు ఏడాది బిల్లులు పక్కపక్కన పెట్టి జత చేయండి. యూనిట్లు ఎప్పుడు పెరిగాయో అవే చెబుతాయి.

రెండోది, రేటు. సెక్షన్ 126 కింద, జరిగిన పనికి వర్తించే కేటగిరీ టారిఫ్‌కి రెండింతలు వేస్తారు. నోటీసులో ఎల్‌టీ-2 (కమర్షియల్) అని వేశారా, ఎల్‌టీ-3 (ఇండస్ట్రీ) అని వేశారా చూడండి. మీరు రాడ్డు కోసి కొత్త బుష్ తయారు చేస్తున్నారు, వస్తువులు కొని అమ్మడం లేదు. కమర్షియల్ వేసి ఉంటే అభ్యంతరం రాయండి, రాడ్డు కొన్న బిల్లులు జత చేయండి.

ఇప్పుడు వచ్చింది ప్రొవిజనల్ (తాత్కాలిక) నోటీసు మాత్రమే. మీ అభ్యంతరం విని, నోటీసు అందిన 30 రోజుల్లో తుది ఉత్తర్వు ఇవ్వాలి. ఒప్పుకుని ఏడు రోజుల్లో కట్టేసే దారి కూడా చట్టంలో ఉంది. టెన్షన్‌లో సంతకం పెట్టేయకండి, సమ్మతి మీద వచ్చిన ఉత్తర్వుకు అప్పీల్ ఉండదు. తుది ఉత్తర్వు నచ్చకపోతే సెక్షన్ 127 కింద 30 రోజుల్లో అప్పీల్. సగం డబ్బు ముందే కట్టాలి. సివిల్ కోర్టుకు పోదామంటే సెక్షన్ 145 అడ్డం. వినియోగదారుల కమిషన్‌లో 126 లెక్కను ప్రశ్నించలేమని అనీస్ అహ్మద్ కేసులో 2013లో తేలిపోయింది.

లైన్‌మన్ అన్న దొంగతనం మాట పూర్తిగా గాలి మాట కాదు. వేరే పనికి వాడటం సెక్షన్ 135లోనూ ఉంది. కానీ అక్కడ దురుద్దేశం ఉండాలి. మీటరును తప్పించలేదు, సీలు ముట్టుకోలేదు, వాడిన యూనిట్లకు డబ్బు కట్టారు. మీ మీద అది నిలబడటం కష్టం. మీ చేతిలో ఉన్నది 126 నోటీసు, దానికే జవాబు ఇవ్వండి.

ఇక డీలర్. ఇక్కడ మీ పక్షం గట్టిగా ఉంది. వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారుడు కారని అతని లాయర్ మొదటి పేరాలోనే రాస్తారు. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు దానికి జవాబిచ్చింది. స్వయం ఉపాధికి కోర్టు చెప్పిన ఉదాహరణల్లో లేత్ మిషన్ కూడా ఉంది. బతుకుతెరువు కోసం తానే నడుపుకోవడానికి కొన్నవాడు వినియోగదారుడే, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ హోదా పోదు. పూర్తిగా ఇంకొకరి చేత నడిపిస్తే మాత్రం పోతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనూ ఈ మినహాయింపు ఉంది. మీ ఊరు ఏ జిల్లా కమిషన్ పరిధిలో ఉంటే అక్కడే వేయొచ్చు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

లోపం ఎక్కడుందో నాకు ఒక అనుమానం ఉంది. మీ మోటారు నేమ్ ప్లేట్ ఫొటో తీయండి. మన దగ్గర 3 హెచ్‌పీ నుంచి పైన మోటార్లు సాధారణంగా 415 వోల్టులకు డెల్టాలో ఉంటాయి (మోటారు లోపలి తీగ చుట్లను కలిపే పద్ధతి డెల్టా, ఇంకో పద్ధతి స్టార్). సింగిల్ ఫేజ్ 230 వోల్టులు తీసుకునే మామూలు డ్రైవ్ బయటికి ఇచ్చేదీ దాదాపు అంతే. మోటారుకు వోల్టేజీ చాలక బలం పోతుంది, లోడ్ పడితే వేడెక్కి కాలుతుంది. 2 హెచ్‌పీ దాకా ఉండే చిన్న మోటార్లయితే స్టార్ కనెక్షన్‌ని డెల్టాకి మార్చుకుని ఈ తక్కువ వోల్టేజీకే నడపొచ్చు, మీదానికి ఆ వీలు లేకపోయుండొచ్చు. డీలర్ అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. అడగకుండా ‘ఏ మోటారునైనా’ అన్నాడు. ఏ పనికో చెప్పి అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ పనికి సరిపోయే వస్తువే ఇవ్వాలని వస్తువుల విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16 అంటోంది. మీరు మోటారు వివరాలు వాట్సాప్‌లో పంపి ఉంటే అంతకంటే మంచి కాగితం లేదు. ఆ చాట్ చెరపకండి, ఫోన్ మార్చకండి.

రేపు మళ్లీ మిషన్ నడపాలంటే ముందు ఎల్‌టీ-3లో త్రీ ఫేజ్ సర్వీసుకు దరఖాస్తు పెట్టండి. లైను పొడిగించక్కర్లేకపోతే పల్లెల్లో 15 రోజుల్లో ఇవ్వాలని 2024లో మార్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు చెబుతున్నాయి. త్రీ ఫేజ్ లైను మీ వీధి దాకా రాలేదంటే, అప్పటిదాకా సింగిల్ ఫేజ్‌లోనే కేటగిరీ, లోడ్ మార్పించుకుని, కన్వర్టర్ పెడుతున్నట్టు కరెంటు ఆఫీసు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి రాసిచ్చి రసీదు తీసుకోండి. ఈసారి కొనే కన్వర్టర్ బిల్లు మీద ‘3 హెచ్‌పీ, 415 వోల్టులు, డెల్టా, లేత్‌కి’ అని డీలర్ చేతే రాయించండి. రాయనంటే ఆ కొట్టు వదిలేయండి.

పాత డ్రైవ్‌ని మెకానిక్ చేత విప్పించకండి. వస్తువు లోపం తేల్చడానికి కమిషన్ దాన్ని ల్యాబ్‌కి పంపొచ్చు, సీలు ఊడితే డీలర్‌కి సాకు దొరుకుతుంది. మోటారు కూడా ఇప్పుడే రీవైండింగ్‌కి ఇవ్వొద్దు. ఇవ్వక తప్పకపోతే కాలిన వైండింగ్, టెర్మినల్ బాక్సులో కనెక్షన్ ఎలా ఉందో ఫొటోలు తీసి, ఏ కారణంతో కాలిందో రీవైండింగ్ అతని చేత రాయించుకుని, ఆ తర్వాతే డీలర్‌కి లీగల్ నోటీసు పంపండి.