పంట మునిగాక ప్రార్థన రావట్లేదన్న బ్రదర్‌కి

మీ విశ్వాసం పోలేదు. ఇన్నాళ్లూ ప్రార్థనంతా విన్నపాలే అయ్యుంటుంది. కోతకొచ్చిన సార్వా చేను తుపానుకి మునిగాక అడగడానికేమీ మిగల్లేదు, నోరు మూతపడింది. "పంట కోసమే దేవుణ్ణి ప్రేమించానా?" అన్నారు. బైబిల్లో యోబు 1:9లో సాతాను వేసిన ప్రశ్న కూడా ఇదే: యోబు అనే భక్తుడు ఏ లాభం లేకుండా ఊరికే భక్తి చేస్తున్నాడా అని.

1. ముందు మీ కోపం ఆయనకే చెప్పండి. చాలామంది దాటేసేది ఇదే. మందిరంలో "అంతా దేవుని చిత్తం" అనేసి, ఇంటికొచ్చి మూగబోతాం. 13వ కీర్తన మొదలయ్యేదే "ఎంతకాలం?" అనే మొరతో. కౌలు బాకీ, ఎరువుల అప్పు, నీళ్లలో మొలకెత్తిన కంకులు, ఒక్కోటీ చెప్పండి. ఏడుపొస్తే ఏడవండి. ఆయనతో పోట్లాడుతున్నారంటే ఆయన్ని వదల్లేదనే. మా కొబ్బరితోట పడిపోయిన ఏడు ఈ మెట్టు దగ్గరే నాకు నెలలు పట్టింది.

2. తర్వాత పది నిమిషాలు ఏమీ అడక్కుండా ఆయన దగ్గర కూర్చోండి. ఏటిగట్టు మీదైనా సరే. హబక్కూకు 3:17-18 చదవండి. చేలో పంట లేదు, సాలలో పశువుల్లేవు, అయినా దేవుడున్నాడని ఆ ప్రవక్త ఆనందిస్తాడు. మొదట్లో పొడిగానే ఉంటుంది, లేచిపోకండి.

3. అడగడం మాత్రం మానకండి. అనుదినాహారం అడగమని నేర్పింది యేసే. అడిగింది రాని రోజు కూడా ఆ పది నిమిషాలు కూర్చోండి, అంతే.

రైతు సేవా కేంద్రంలో పంట నష్టం రాయించారా? లేకపోతే రేపే వెళ్లండి. అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు.