ఊరికి ఉన్న ఒకే దారిలో చెత్త లారీలు వస్తే అభ్యంతరం ఎక్కడ, ఎలా పెట్టాలి?

ప్రశ్న: మెయిన్ రోడ్డు నుంచి మా ఊరికి ఒక్కటే తారు రోడ్డు. ఊరు దాటాక కిలోమీటరు దూరంలో పొడి చెత్త, ప్లాస్టిక్ రీసైక్లింగ్ కేంద్రం పెడతామంటున్నారు. రోజుకు 40 లారీలు వస్తాయట. దారిలో బడి ఉంది, ఎదురు బండి కనపడని మలుపు ఉంది, ఇరుకు కల్వర్టు ఉంది. కంపెనీవాళ్ల ట్రాఫిక్ రిపోర్టులో మాత్రం 'రోడ్డు సామర్థ్యంలో 12 శాతమే వాడుకుంటాం, ప్రభావం ఉండదు' అని రాశారు. అభ్యంతరం లేదని సర్పంచ్ లెటర్ కూడా ఇచ్చేశారని విన్నాం. కేంద్రం రావడానికి మేం వ్యతిరేకం కాదు, పిల్లల గురించే టెన్షన్. కోర్టుకు వెళ్తే కేసు నిలుస్తుందా?

జవాబు: నిలుస్తుందండీ. కానీ ఇప్పుడే కోర్టుకు పరిగెత్తకండి. అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది, అది చేయకుండా వెళ్తే మంచి కేసు కూడా మొదటి వాయిదాలోనే బలహీనపడుతుంది.

మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చింది 'వ్యతిరేకం కాదు' అన్న మాట. దాన్ని ప్రతి అర్జీలో మొదటి వాక్యంగా పెట్టండి. ఇలాంటి వాటిలో ఊళ్లవాళ్లు మామూలుగా 'చెత్త మాకొద్దు, వాసనొస్తుంది, రోగాలొస్తాయి' అని రాస్తారు, దానికి అవతలివాళ్ల దగ్గర రెడీమేడ్ జవాబు ఉంటుంది: షెడ్డు మూసే ఉంటుంది, పొడి చెత్తే తెస్తాం, కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన షరతులన్నీ పాటిస్తాం అంటారు. అదే 'మా రోడ్డు వెడల్పు ఇంత, మలుపు దగ్గర కనిపించే దూరం ఇంత, మీ లారీ వెడల్పు ఇంత' అని రాస్తే దానికి జవాబు ఇంజినీరు చెప్పాల్సి వస్తుంది, వట్టి హామీతో సరిపెట్టడం కుదరదు. అందుకే చేతిలోకి ముందు టేపు తీసుకోమంటున్నాను.

ఆ 12 శాతం ఎలా వచ్చిందో చూద్దాం. 40 లారీలంటే వచ్చేవి 40, తిరిగి వెళ్లేవి 40, మొత్తం 80 ట్రిప్పులు. పల్లె రోడ్ల లెక్కల్లో ఒక లారీని మూడు కార్లతో సమానంగా తీసుకుంటారు కాబట్టి అది 240 అవుతుంది. ఒంటి వరస తారు రోడ్డుకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, అంటే ఐఆర్‌సీ, చెప్పే సామర్థ్యం మైదాన ప్రాంతంలో రోజుకు సుమారు 2,000 కార్లు. 240ని 2,000తో భాగిస్తే 12 శాతం. లెక్కలో తప్పేమీ లేదు, అయితే ఆ లెక్క చెప్పేది రోడ్డు జామ్ అవుతుందా కాదా అన్న సంగతి మాత్రమే. సైకిల్ మీద వెళ్లే పిల్ల పక్కకు దిగడానికి చోటుందా, రెండు లారీలు ఎదురైతే ఏది వెనక్కి వెళ్లాలి అన్నవి ఆ లెక్కలో లేవు. మీ భయం జామ్ గురించి కాదు కదా. పైగా ఆ 2,000 అంకె కూడా 3.75 మీటర్ల తారు, దానికి ఇరువైపులా కనీసం మీటరు చొప్పున గట్టి బెర్మ్, అంటే తారు పక్కన ఉండే అంచు, ఉంటేనే వర్తిస్తుంది. మీ దగ్గర బెర్మ్ వానకు కోసుకుపోయి ఉంటే, లేదా తారు మూడు మీటర్లే ఉంటే, ఆ 12 శాతం పునాదే కదులుతుంది. ఇంకో లెక్క మీరే వేసుకోవచ్చు: లారీలు పగలు ఎనిమిది గంటలే తిరిగితే 80 ట్రిప్పులంటే ప్రతి ఆరు నిమిషాలకు ఒకటి బడి ముందు నుంచి పోతుంది. దీన్ని అర్జీలో రాయండి, చదివే అధికారి కళ్లకు కడుతుంది.

ఇక కొలతలు. మన మోటారు వాహన నిబంధనల ప్రకారం లారీ వెడల్పు 2.6 మీటర్ల దాకా ఉండొచ్చు. రెండు ఎదురైతే 5.2 మీటర్లు, మధ్యలో ఖాళీ కలపకుండానే. మీ తారు 3.75 మీటర్లే అయితే రెండూ చక్రాలు మట్టిలోకి దించాల్సిందే, ఆ మట్టిలోనే మీ పిల్లలు నడుస్తారు. మెయిన్ రోడ్డు నుంచి కేంద్రం గేటు దాకా ప్రతి 100 మీటర్లకు ఒకసారి తారు వెడల్పు, బెర్మ్ వెడల్పు కొలిచి రాయండి, ఫొటోలో టేపు కనపడాలి. కల్వర్టు మీద గోడకు గోడకు మధ్య దూరం వేరుగా రాసుకోండి.

మలుపు దగ్గర పని కొంచెం జాగ్రత్తగా చేయాలి, ఎందుకంటే మీ కేసు మొత్తంలో బలమైన అంశం ఇదే అవుతుందని నా నమ్మకం. డ్రైవర్ బ్రేకు వేసి బండి ఆపడానికి కావాల్సిన దూరాన్ని ఐఆర్‌సీ వేగాన్ని బట్టి నిర్ణయించింది: గంటకు 20 కిలోమీటర్ల వేగంలో 20 మీటర్లు, 30లో 30, 40లో 45, 60లో 80 మీటర్లు. ఒంటి వరస రోడ్డు మీద రెండు బండ్లూ ఒకే చోటికి వస్తాయి కాబట్టి ఇద్దరూ ఆగాలి, అంటే దానికి రెట్టింపు కనిపించాలి, 40 వేగానికి 90 మీటర్లన్నమాట. ఇద్దరు మనుషులు చెరో వైపు 1.2 మీటర్ల కర్రలు పట్టుకుని నిలబడి, ఒకరి కర్ర చివర ఇంకొకరికి ఎక్కడ మాయమవుతుందో గుర్తుపెట్టి, ఆ దూరాన్ని రోడ్డు వెంబడి టేపుతో కొలవండి. మీ మలుపులో 35 మీటర్లే వచ్చిందనుకుందాం, అప్పుడు 20 వేగంతో వచ్చినా చాలదు, దానికి 40 కావాలి. ఇది రిపోర్టులో ఉందా? లేకపోతే ఎందుకు లేదని అడిగే హక్కు మీకు ఉంది. పంట ఎదిగాక, కంప చెట్లు పెరిగాక ఆ దూరం ఇంకా తగ్గుతుంది కాబట్టి కొలిచిన తేదీ తప్పకుండా వేయండి.

కొలతలయ్యాక కాగితాల సంగతి. సమాచార హక్కు చట్టం, 2005 కింద మూడు చోట్ల దరఖాస్తులు వేయండి. రోడ్డు ఎవరిదో వాళ్లకు ఒకటి, అంటే పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ శాఖ కావచ్చు, ఆర్ అండ్ బీ, అంటే రోడ్లు భవనాల శాఖ, కావచ్చు: రోడ్డు రికార్డులో వెడల్పు ఎంత, ఎంత బరువుకు డిజైన్ చేశారు, కల్వర్టు ఎంత మోస్తుంది, ఈ కేంద్రానికి దారి అనుమతి అడిగారా, ఇచ్చారా అని. కాలుష్య నియంత్రణ మండలికి రెండోది: దరఖాస్తు, సైట్ ప్లాన్, ట్రాఫిక్ రిపోర్టు కాపీలు కావాలని. మూడోది పోలీసులకు: ఆ రోడ్డు మీద గత ఐదేళ్లలో నమోదైన ప్రమాదాల వివరాలు. జవాబుకు 30 రోజుల గడువు, రాకపోతే మొదటి అప్పీలు వేయండి. వీటితోపాటు గ్రామ నక్షా కూడా చూడండి. కంపెనీ ప్లాన్‌లో గీసిన దారి, నేల మీద ఉన్న దారి ఒకటేనా? కొన్నిసార్లు పాత డొంకనో బండ్ల బాటనో కాగితం మీద మంచి రోడ్డులా చూపిస్తారు. భవన నిర్మాణ నిబంధనల్లో స్థలం ముందు రోడ్డుకు కనీస వెడల్పు ఉండాలన్న షరతు ఉంటుంది, అక్కడే పట్టు దొరకొచ్చు.

సర్పంచ్ లెటర్ గురించి ఎక్కువ దిగులు పడకండి. ఆ లెటర్ గ్రామసభలో చర్చించి ఇచ్చిందా, పంచాయతీ తీర్మానమా, లేక సొంత సంతకమా అన్నది రికార్డు తెప్పించుకుని చూడాలి, మూడూ ఒకటి కావు. అది ఎలాంటిదైనా సరే, రోడ్డు సురక్షితమో కాదో తేల్చే అధికారం దానికి రాదు.

ఇప్పుడు ఎవరి ముందు అభ్యంతరం పెట్టాలి అన్నది. ఇక్కడే చాలామంది తప్పు గుమ్మం తొక్కుతారు. మీ కేంద్రం ఏ రకమో ముందు తేల్చుకోండి. ఊళ్ల, పట్టణాల చెత్తనంతా కలిపి తెచ్చే ఉమ్మడి ఘన వ్యర్థాల కేంద్రమైతే 2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పరిధిలోకి వస్తుంది, దానికి పర్యావరణ అనుమతి కావాలి, మామూలుగా ప్రజాభిప్రాయ సేకరణ సభ కూడా జరగాలి. ఆ సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కలెక్టర్ గానీ ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి, వీడియో తీయాలి, చివర్లో ప్రజలు లేవనెత్తిన అంశాలను స్థానిక భాషలో చదివి వినిపించాలి. చదివేటప్పుడు చెవులు రిక్కించి వినండి. 'రోడ్డు బాగోలేదన్నారు' అని రాసుంటే ఒప్పుకోవద్దు, '35 మీటర్లే కనిపిస్తుందన్నారు' అని అంకెతో సహా రాయించండి. మీ కొలతలను రాతపూర్వకంగా కూడా ఇచ్చి రసీదు తీసుకోండి.

అలా కాకుండా ఒక షెడ్డులో ప్లాస్టిక్ మాత్రమే కరిగించే యూనిట్ అయితే మామూలుగా ఈ సభ ఉండదు. నీటి చట్టం 1974, గాలి చట్టం 1981 కింద కాలుష్య మండలి ఇచ్చే స్థాపన సమ్మతి, తర్వాత నిర్వహణ సమ్మతి ఉంటాయి. మండలికి వెళ్తే 'ట్రాఫిక్ మా పరిధి కాదు' అనే అవకాశం ఉంది, అందులో కొంత నిజం ఉంది కూడా. కాబట్టి మండలికి దుమ్ము, లారీల పొగ, శబ్దం గురించి రాయండి, రోడ్డు కొలతలను మాత్రం రోడ్డు యజమాని శాఖకు, ప్లాన్ అనుమతి ఇచ్చే అధికారికి, కలెక్టర్‌కు పంపండి. మోటారు వాహనాల చట్టంలోని 215వ సెక్షన్ కింద ఏర్పడే జిల్లా రహదారి భద్రతా కమిటీ కలెక్టర్ దగ్గరే నడుస్తుంది, ఆ కమిటీ ముందు ఈ అంశం పెట్టమని, ఐఆర్‌సీ మాన్యువల్ ప్రకారం స్వతంత్ర రోడ్ సేఫ్టీ ఆడిట్ చేయించమని అడగండి. స్వతంత్రం అంటే కంపెనీ రిపోర్టు రాసినవాళ్లు కాకుండా వేరే బృందం.

ఏం అడగాలో కూడా స్పష్టంగా ఉండాలి. 'రోడ్డు వెడల్పు చేస్తాం' అన్న హామీ చాలదు. ఎవరి పొలంలోంచి చేస్తారు? రైతు భూమి తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం ఉంది, పరిహారం ఉంది, అది నెలల్లో అయ్యే పని కాదు. ఈలోపు లారీలు మొదలైపోతాయి. అందుకే అనుమతి ఉత్తర్వులోనే 'వెడల్పు పని, ఎదురెదురు బండ్లు తప్పుకునే చోట్లు, కల్వర్టు, బడి దగ్గర కాలిబాట పూర్తయ్యాకే ఒక్క లారీ అయినా రావాలి' అన్న వాక్యం రాయించుకోవాలి. 'పూర్తయ్యాకే' అన్న ఒక్క మాట కోసం ఎంత పట్టుబట్టినా తప్పులేదు. బడి మొదలయ్యే, వదిలే వేళల్లో లారీలు తిరగకూడదన్న షరతు కూడా అడగండి. దీనికి మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ ఉంది, ఒక రోడ్డు మీద ఫలానా రకం వాహనాలను ఆపే అధికారం ప్రభుత్వానికి గానీ అది అధికారం ఇచ్చినవారికి గానీ ఉంటుంది. నెలకు మించి ఉండే ఆంక్ష అయితే గెజిట్‌లో రావాలి కాబట్టి నోటిమాట ఒప్పందంతో సరిపెట్టుకోవద్దు.

ఇవన్నీ ఇచ్చినా పట్టించుకోకుండా అనుమతి ఇచ్చేస్తే అప్పుడు కోర్టు. మీరు రాసిచ్చిన కొలతలను అధికారి చూడనే లేదు, జవాబే చెప్పలేదు అంటే రాజ్యాంగంలోని 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్, అంటే అధికారుల నిర్ణయాన్ని సవాలు చేసే పిటిషన్, వేయడానికి అది గట్టి కారణం, చూడాల్సింది చూడకుండా ఇచ్చిన ఉత్తర్వు కోర్టు ముందు నిలవడం కష్టం. రోడ్డు సౌకర్యం జీవించే హక్కులో భాగమని హిమాచల్ ప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది. హాని గురించి అనుమానం ఉన్నప్పుడు ప్రమాదం లేదని చూపించే భారం ప్రాజెక్టు పెట్టేవాళ్లదేనన్న సూత్రాన్ని కాలుష్య మండలి వర్సెస్ ఎం.వి. నాయుడు కేసులో 1999లో వివరించింది. అది హైదరాబాద్ జంట జలాశయాల దగ్గర ఫ్యాక్టరీ గురించి, పర్యావరణ హాని గురించి వచ్చిన తీర్పు, దాన్ని రోడ్డుకు ఉన్నదున్నట్టు అంటించలేం, వాదనకు దన్నుగా మాత్రం పనికొస్తుంది.

పర్యావరణ కేసులు వినే జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్ మాటేమిటని అడుగుతారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ చెన్నై బెంచ్. పర్యావరణ అనుమతి ఇచ్చి ఉంటే దాని మీద అక్కడ అప్పీలు వేయొచ్చు, గడువు 30 రోజులు, సరైన కారణం చూపితే ఇంకో 60 రోజుల దాకా, ఆ తర్వాత తలుపు మూసుకున్నట్టే. అయితే ట్రిబ్యునల్ వినేది పర్యావరణ ప్రశ్నలు, వట్టి రోడ్డు భద్రత అంటే 'మా పని కాదు' అనొచ్చు. మీ బలం రోడ్డే కాబట్టి నేనైతే హైకోర్టునే ఎంచుకుంటాను.

ఒక్కటి గట్టిగా చెప్పాలి. కోపం వచ్చి రోడ్డుకు అడ్డంగా కూర్చోవడం, లారీలు ఆపడం చేయకండి. భారతీయ న్యాయ సంహిత 285, 126 సెక్షన్ల కింద మీ మీదే కేసు పడుతుంది, రేపు రిట్‌లో అవతలి లాయరు మొదట చూపించేది ఆ ఎఫ్ఐఆర్‌నే. కేంద్రం మొదలయ్యాక నిజంగా ప్రమాదకర పరిస్థితి వస్తే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ముందు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఫిర్యాదు ఇవ్వొచ్చు, పాత సీఆర్‌పీసీలో అది 133. ఓవర్‌లోడ్ లారీ కనిపిస్తే నంబరు, టైము, ఫొటోతో రవాణా శాఖకు పంపండి, మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000.

ఖర్చు గురించి మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. బడి పిల్లల తల్లులను పిటిషనర్లుగా పెట్టండి. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, ఎస్సీ, ఎస్టీలకూ అంతే. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే చాలు, రిట్‌కు హైకోర్టు స్థాయి కమిటీ లాయరును ఇస్తుంది. వెళ్లేటప్పుడు కొలతల పుస్తకం, టేపు కనిపించే ఫొటోలు, అర్జీల రసీదులు, ఆర్టీఐ జవాబులు తేదీల వరసలో పెట్టుకుని వెళ్లండి.