అప్పు చేసి దశమభాగం ఇవ్వాలా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. చాలా ఏళ్లుగా చెన్నై అంబత్తూరులో ఉంటున్నాము. మావారు పారిశ్రామికవాడలో ఒక చిన్న కంపెనీలో సూపర్‌వైజరు. చేతికి 41,000 రూపాయలు వస్తుంది. నేను ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను, నాకు 13,000. ఇద్దరు పిల్లలు. పెళ్లయిన నాటి నుంచి దశమభాగం, అంటే రాబడిలో పదవ వంతు చర్చికి ఇవ్వడం, ఎన్నడూ ఆపలేదు. మందిర నిర్మాణానికి 60,000 ఇస్తామని మావారు సంఘం ముందు మాట ఇచ్చి, నెలకు 5,000 చొప్పున ఇప్పటికి 25,000 కట్టారు. జూన్‌లో బడి ఫీజులు, ఆ తరువాత అత్తగారి ఆసుపత్రి ఖర్చు క్రెడిట్ కార్డు మీద పెట్టాము. ఇప్పుడు నెల సరుకులు కూడా దాని మీదే తెస్తున్నాము. బాకీ 1,20,000 అయింది. అది తీరేదాకా దశమభాగం ఆపుదామని నేనంటే, అలా చేస్తే దేవుని సొమ్ము దొంగిలించినట్టే అని మావారు అంటున్నారు. కావాలంటే ఊళ్లో అత్తగారి మందులకు పంపే 3,000 తగ్గిద్దామంటున్నారు. సంఘంలో ఒక అక్క నడిపే చీటీ పాడుకొని కార్డు బాకీ తీర్చవచ్చా? నా దగ్గర నాలుగు సవర్ల బంగారం ఉంది. ఇంటి ఖర్చుల లెక్క వెంట పంపుతున్నాను.

జవాబు: సోదరీ, మీ లెక్కను ఒకటికి రెండుసార్లు చూశాక నాకు తోచినది ముందే చెబుతాను. మీరు దశమభాగం ఆపనక్కరలేదు. అత్తగారి మందుల డబ్బు ఒక్క రూపాయి కూడా తగ్గించకూడదు. ఆపవలసినది కార్డు వాడకాన్ని, వాయిదా వేయవలసినది మందిరానికి ఒప్పుకున్న మొత్తాన్ని. ఇందులో మొదటి మాట మీకు, రెండవ మాట మీవారికి కొంత కష్టంగా ఉండవచ్చు గనుక కారణాలు వివరంగా రాస్తున్నాను.

మీ ఇద్దరి రాబడి కలిపి 54,000. అద్దె, సరుకులు, ఫీజులు, రాకపోకలు, బండి వాయిదా, కరెంటు, ఫోన్లు, అత్తగారి మందులు అన్నీ కలిపి మీరు చూపిన ఖర్చు 44,500. దశమభాగం 5,400 తీశాక 4,100 మిగులుతుంది. అంటే దశమభాగం ఇస్తూనే మీ కుటుంబం తన రాబడిలో తాను బతకగలుగుతోంది. ఈ సంగతి మీరిద్దరూ గమనించినట్టు లేదు. దానిపైన మందిరానికి 5,000 చేరేసరికి నెలకు 900 లోటు పడింది, కార్డుకు కడుతున్న 6,000 కూడా కలిస్తే లోటు 6,900 అయింది. ఆ 6,900 విలువైన సరుకులే ప్రతి నెలా తిరిగి కార్డు మీదికి వస్తున్నాయి.

ఇక కార్డు స్టేట్‌మెంటు చూడండి. మీ కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం. 1,20,000 మీద అది 4,200, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 756, వెరసి 4,956. మీరు కడుతున్న 6,000లో అసలుకు చేరేది వెయ్యి రూపాయల పైచిలుకు మాత్రమే. పైగా పాత బాకీ పూర్తిగా తీరనంతవరకు కొత్తగా కొన్న వస్తువుకు వడ్డీ లేని గడువు వర్తించదు గనుక, ఈ నెల తెచ్చిన బియ్యానికి, నూనెకు కొన్న రోజు నుంచే వడ్డీ పడుతోంది. దేవునికి 5,400 ఇస్తున్న ఇల్లు, దాదాపు అంతే మొత్తాన్ని కార్డు ఇచ్చిన బ్యాంకుకు వడ్డీగా ఇస్తోంది. మీ ఇంట్లో తగవు పెట్టినది ఈ 4,956 రూపాయలే, దశమభాగం కాదు.

దేవుని సొమ్ము దొంగిలించినట్టే అన్నప్పుడు మీవారు మనసులో పెట్టుకున్న వాక్యం బైబిలులో మలాకీ 3వ అధ్యాయంలోనిది. దానిని నేను తేలికగా తీసుకోను. అయితే ధర్మశాస్త్రంలో దశమభాగం పండిన పంటలోనుంచి, పెరిగిన మందలోనుంచి తీసినది. పొరుగువాని గాదెలో గింజలు వడ్డీకి తెచ్చి అర్పించినది కాదు. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయంలో పౌలు ఇంకా సూటిగా చెబుతాడు: ఇచ్చేవాని మనసు సిద్ధంగా ఉంటే, అతనికి ఉన్న కొలదిని బట్టే ఆ కానుక ప్రీతికరమవుతుంది, లేనిదానిని బట్టి కాదు. మీ దశమభాగం మీ జీతంలోనుంచి వెళ్తున్నది గనుక అది ఉన్నదానిలోనుంచి ఇచ్చినదే. మందిరానికి ఇస్తున్న 5,000 మాత్రం, లెక్క ప్రకారం చూస్తే, బ్యాంకు డబ్బు.

అత్తగారి మందుల విషయంలో మీవారితో నేను ఏకీభవించలేను. మార్కు 7వ అధ్యాయంలో ప్రభువు పరిసయ్యులను గద్దించిన సందర్భాన్ని ఆయన ఒకసారి మళ్లీ చదవాలని కోరుతున్నాను. తల్లిదండ్రులకు చెందవలసినదానిని కొర్బాను, అంటే దేవునికి అర్పితం, అని చెప్పి వారికి సహాయం మానేసిన వారి భక్తిని ప్రభువు అంగీకరించలేదు. బీపీ మందు, షుగరు మందు ఆపితే రేపు వచ్చే ఆసుపత్రి ఖర్చు ఎంతో మీకు ఈ ఏడు తెలిసే ఉంటుంది.

ఇప్పుడు బాకీ సంగతి. చీటీ వద్దు. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం ప్రకారం చీటీ నడపడానికి ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషను ఉండాలి. ఇళ్లలో నడిచే చాలా చీటీలకు అవి ఉండవు. ఆ అక్క ఎంత నమ్మకస్తురాలైనా, సభ్యుల్లో ఇద్దరు కట్టడం మానేస్తే మీకు మిగిలేది నోటిమాటే. ముందుగా పాడుకొనేవారు వదులుకునే మొత్తం కూడా ఒక రకం వడ్డీయే. ఇవన్నీ అటుంచినా, డబ్బు గొడవ వల్ల ఒకే సంఘంలో పక్కపక్కన కూర్చోలేని స్థితికి వచ్చిన కుటుంబాలను నేను చూశాను.

మీ బంగారాన్ని బ్యాంకులో కుదువపెట్టి 1,20,000 తీసుకొని, అదే రోజు కార్డు బాకీ మొత్తం కట్టేయండి. ఫైనాన్స్ కంపెనీల కంటే ముందు మీ జీతం ఖాతా ఉన్న బ్యాంకులో, ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో అడగండి. వడ్డీ ఏడాదికి 10 శాతం అనుకుంటే మొదటి నెల వడ్డీ సుమారు 1,000 అవుతుంది. 4,956కు బదులు 1,000. అప్పు తీసుకునేటప్పుడు మూడు సంగతులు రాతపూర్వకంగా తెలుసుకోండి: అసలులో కొంత కొంత ముందుగా కట్టడానికి వీలుందా, గడువు ఎప్పుడు, గడువు దాటితే వేలానికి ముందు ఎన్ని రోజుల నోటీసు ఇస్తారు. అమ్మ పెట్టిన నగ కుదువకు వెళ్తుందంటే మనసు ఒప్పుకోదని నాకు తెలుసు. అయినా బీరువాలో ఉన్న బంగారం, అదే ఇంట్లో నెలనెలా పెరుగుతున్న కార్డు బాకీ, ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచుకోవడం మంచి నిర్వాహకత్వం కాదు. కార్డు బాకీ సున్నా అయిందని బ్యాంకు నుంచి లేఖ తీసుకొని కార్డును రద్దు చేయించండి. ఇంట్లో ఉంచుకుంటే మళ్లీ జూన్ వస్తుంది.

మందిర కానుక ఆగితే మీ చేతిలో మిగిలేది 4,100. దీనితోనే అప్పు తీర్చాలంటే దాదాపు 34 నెలలు పడుతుంది. ఇక్కడే మిగిలిన తొమ్మిది భాగాల గురించి మాట్లాడాలి. మనలో చాలామందికి దశమభాగం తీసి కవరులో పెట్టగానే, మిగిలినది పూర్తిగా మన సొంతమన్న భావన కలుగుతుంది. భూమియు దాని సంపూర్ణతయు యెహోవావే అని 24వ కీర్తనలో పాడుతున్న మనం, వంటింట్లో పారపోసే అన్నానికి, అనవసరంగా తిరిగే ఫ్యానుకు కూడా లెక్క చెప్పవలసినవారమే. ఐదు వేలమందికి ఆహారం పెట్టిన ప్రభువు, రొట్టెలకు కొదువ లేని ఆ ఘడియలోనే, ఏమీ నష్టపడకుండా మిగిలిన ముక్కలు పోగుచేయమని శిష్యులకు చెప్పాడు. అద్భుతం చేయగలిగినవాడు మిగిలిన ముక్కలను లక్ష్యపెట్టడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

మీ లెక్కలో నాకు రెండు చోట్ల వీలు కనిపించింది. ఆదివారం ఆరాధన తరువాత నలుగురూ బయట భోంచేయడానికి వారానికి 600 చొప్పున నెలకు 2,400 రాశారు. దానిని నెలకు ఒక్కసారికి తగ్గిస్తే 1,800 మిగులుతుంది. ప్రభువు బల్ల సంస్కారం ఉండే ఆదివారం రోజునో, పిల్లల పుట్టినరోజు వచ్చే వారంలోనో ఆ ఒక్కసారి ఉండనివ్వండి, పూర్తిగా తీసేయకండి. రెండవది, బడికి వెళ్లిరావడానికి మీరు షేర్ ఆటోకు రోజుకు 40 ఇస్తున్నారు. తమిళనాడులో 2021 మే నుంచి సాధారణ టౌన్ బస్సుల్లో మహిళలకు టికెట్ డబ్బులు లేవు. పావుగంట ముందు బయలుదేరగలిగితే నెలకు మరో 800 దాకా మిగులుతుంది. కరెంటు విషయం ఒక్కమాట: మీ వాటాకు విడి మీటరు ఉంటే, రెండు నెలల వాడకం 500 యూనిట్లు దాటకుండా చూసుకోండి. అది దాటితే కింది మెట్లలోని (స్లాబుల్లోని) యూనిట్లకు కూడా ఎక్కువ ధర పడుతుంది.

ఈ విధంగా కనీసం 2,500 కలిస్తే నెలకు 6,600 చేతిలో ఉంటుంది. మొదటి రెండు నెలలు బంగారం అప్పుకు వడ్డీ మాత్రం కట్టి, మిగిలిన 11,000 రూపాయలను వేరే పొదుపు ఖాతాలో ఉంచండి. ఈసారి జ్వరమో, గ్యాసు పొయ్యి మరమ్మతో వస్తే కార్డు కోసం వెతుక్కోనక్కరలేదు. ఆ తరువాత నెలకు 6,600 చొప్పున కడితే 20 నెలల్లో అప్పు తీరి నగ ఇంటికి వస్తుంది. దశమభాగం ఈ కాలమంతా యథాతథంగా సాగుతుంది.

మీరిద్దరూ ప్రార్థనతో కూర్చొని, కొంతకాలం దశమభాగాన్ని సగానికి తగ్గించి అప్పును 14 నెలల్లోనే తీర్చాలని నిశ్చయించుకుంటే అది పాపమని నేను చెప్పను. సణుగుకొనక, బలవంతం లేకుండా, హృదయంలో నిశ్చయించుకున్న ప్రకారం ఇమ్మని కొత్త నిబంధన చెబుతున్నది. అయితే ఒకరు మనసు చంపుకొని ఒప్పుకున్న నిర్ణయం మంచిది కాదు. లెక్క అనుమతిస్తున్నది గనుక నేను మొదటి దారినే మంచిదనుకుంటున్నాను.

ఇక మీవారు ఇచ్చిన మాట. మ్రొక్కుకొని చెల్లించకపోవడం కంటే మ్రొక్కుకొనకపోవడమే మేలని ప్రసంగి 5వ అధ్యాయం చెబుతుంది గనుక, మిగిలిన 35,000 ఎగవేయమని నేను చెప్పను. దానిని వాయిదా వేయమంటున్నాను. ఆయన స్వయంగా పాస్టరుగారిని కలిసి, మా ఇంటి పరిస్థితి ఇది, అప్పు తీరిన వెంటనే ఆరు నెలల్లో ఈ మొత్తం చెల్లిస్తాము, అని చెప్పి వీలైతే కాగితం మీద రాసి ఇవ్వాలి. మీరు ఆయన తరఫున వెళ్లి చెప్పకండి. మాట ఇచ్చినవారే చెబితే ఆయన మనసులో భారం తీరుతుంది. మంచి కాపరి ఎవరూ వడ్డీకి తెచ్చిన ఇటుకలతో గోడ కట్టమని కోరడు. ఈ తమిళదేశం నుంచే తెలుగువారి మధ్యకు వెళ్లి 1912లో డోర్నకల్ బిషప్పు అయిన అజరయ్యగారి కాలంలో, అక్కడి పేద సంఘాల స్త్రీలు వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు పక్కన పెట్టి మందిరానికి తెచ్చేవారు. ఆ పిడికెడు వారి కుండలోనిదే. మందిరం పనికి ఈ రెండేళ్లు మీరు డబ్బుకు బదులు చేయగలిగినది కూడా ఉంది: మీరు టీచరు, ఆదివారపు బడికి మీలాంటివారు కావాలి, మీవారు సూపర్‌వైజరు, కట్టడం దగ్గర సామాను లెక్క చూసేవారు ఏ సంఘానికైనా అవసరమే.

బీమా గురించి మీరు అడగలేదు. అయినా ఇద్దరు పిల్లల తండ్రికి కంపెనీ ఇచ్చే బీమా తప్ప ఏమీ లేకపోవడం నాకు ఆందోళన కలిగించింది. మీవారి వయసు 50 లోపే గనుక బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి 436 రూపాయలతో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి (ప్రాణ బీమా), 20 రూపాయలతో సురక్షా బీమా (ప్రమాద బీమా) ఈ నెలలోనే చేయించండి. ఒక్కొక్కటి 2 లక్షల రక్షణ. ఇది మీ కుటుంబానికి చాలదు. అప్పు తీరాక టర్మ్ పాలసీ తీసుకోవాలి.

కంపెనీలో దీపావళికి బోనస్ ఇస్తారని రాశారు. అందులో పదియవ భాగం తీశాక మిగిలినదంతా బంగారం అప్పు అసలుకే కట్టి, రసీదులో అసలు తగ్గినట్టు రాయించుకోండి. క్రిస్మస్ బట్టలకు నెలకు 300 చొప్పున ఇప్పటి నుంచే పక్కన పెడితే, డిసెంబరులో బోనస్ కోసం చూడనక్కరలేదు.