సదస్సులో పరిశోధన పోస్టర్లకు బహుమతి ఎలా నిర్ణయిస్తారు? అందంగా ఉంటే చాలా?

చాలదు. రంగులకూ అమరికకూ కొన్ని మార్కులుంటాయి, అంతే. పరిశోధన ప్రశ్న స్పష్టంగా ఉందా, పద్ధతి దానికి తగినదేనా, తేల్చిన మాటకు ఫలితాల్లో ఆధారం ఉందా అన్నవే కీలకం. సాధారణంగా ఒక్కో పోస్టర్‌ను ఇద్దరు ముగ్గురు న్యాయనిర్ణేతలు విడివిడిగా చూస్తారు. సొంత విద్యార్థి పోస్టర్‌కు ఎవరూ మార్కులు వేయకూడదు.

అసలు పరీక్ష పోస్టర్ పక్కన నిలబడ్డ మనిషికే. "ఇన్ని నమూనాలే ఎందుకు తీసుకున్నారు? ఇందులో మీరు స్వయంగా చేసిందేమిటి?" అని అడుగుతారు. గడగడా అప్పజెప్పేవారికన్నా, తమ పని పరిమితిని దాచకుండా చెప్పేవారి వైపే న్యాయనిర్ణేతగా నేనైతే మొగ్గుతాను.

2019లో మైక్ మోరిసన్ అనే అమెరికా పరిశోధక విద్యార్థి ప్రచారంలోకి తెచ్చిన పోస్టర్ నమూనాలో ముఖ్య ఫలితం మధ్యలో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దారిన పోయేవారిని అది బాగానే ఆపుతుంది. గ్రాఫులను మరీ కుదిస్తే మాత్రం న్యాయనిర్ణేతకు పరిశీలించడానికి ఏమీ మిగలదు.